కొరియాలో 8 రోజులు: ప్యాలెస్, గుడిలో బస, జిమ్‌జిల్‌బాంగ్ – అమ్మతో వెళ్తుంటే ఎలా సర్దుకోవాలి?

వెన్నెలదారి:

నమస్కారం. అక్టోబరు మూడో వారంలో అమ్మా నేనూ కొరియా వెళ్తున్నాం. ఆదివారం పొద్దున ఇంచియాన్‌లో దిగుతాం, పై ఆదివారం రాత్రి తిరుగు విమానం. సియోల్‌లో 5 రాత్రులు, గ్యోంగ్జులో 2 రాత్రులు అనుకుంటున్నాం. షాపింగ్, థీమ్ పార్కులు అక్కర్లేదు. హాన్‌బొక్ (కొరియా సంప్రదాయ దుస్తులు) కట్టుకుని ప్యాలెస్ చూడటం, ఒక రాత్రి బౌద్ధ ఆలయంలో ఉండటం, జిమ్‌జిల్‌బాంగ్ (స్నానశాల, వేడి గదులు ఉండే చోటు), వీలైతే పాతకాలపు హానోక్ ఇంట్లో బస – ఇవి కావాలి.

అమ్మ పూర్తి శాకాహారి. గుడ్డు కూడా తినదు, పాలు పెరుగు పర్వాలేదు. మోకాళ్ల నొప్పులు ఉన్నాయి. చదును నేల మీద రెండు మూడు కిలోమీటర్లు నడవగలదు కానీ కింద కూర్చుని లేవడం కష్టం. ఏ రోజు ఏది పెట్టుకోవాలి, ఏవి ముందే బుక్ చేయాలి, ఎక్కడ ఇబ్బంది పడతాం అన్నది తెలిసినవాళ్లు చెప్పగలరా?


సంచారి:

ముందు వారాలు చూసుకోండి, తర్వాతే చోట్లు. సియోల్‌లో ప్యాలెస్‌లన్నీ ఒకే రోజు మూయరు. గ్యోంగ్‌బొక్‌గుంగ్, జోంగ్‌మ్యో అనే రాజవంశ స్మారక మందిరం మంగళవారం సెలవు. చాంగ్‌డొక్‌గుంగ్, డొక్సుగుంగ్, చాంగ్‌గ్యోంగ్‌గుంగ్ సోమవారం సెలవు. సెలవు రోజున పండగ పడితే ఆ రోజు తెరిచి మర్నాడు మూస్తారు. మీ లెక్కకు సోమవారం గ్యోంగ్‌బొక్‌గుంగ్, మంగళవారం చాంగ్‌డొక్‌గుంగ్ చక్కగా సరిపోతాయి. బుధవారం పొద్దున గ్యోంగ్జుకు బయల్దేరి శుక్రవారం సాయంత్రానికి సియోల్ తిరిగి రండి. శనివారం జోంగ్‌మ్యో పెట్టుకోండి. మామూలు రోజుల్లో అక్కడ గైడ్ వెంటే, వాళ్లు చెప్పిన వేళకే తిరగాలి. శనివారమైతే మీ ఇష్టం వచ్చినట్టు చూడొచ్చు. జోసన్ రాజుల ఆత్మఫలకాలు ఉంచిన ఆ పొడవాటి ప్రధాన మందిరం మరమ్మతులు 2025లో ముగిశాయి, ఇప్పుడు పూర్తిగా కనిపిస్తుంది.

టికెట్లు పెద్ద ఖర్చు కాదు. గ్యోంగ్‌బొక్‌గుంగ్, చాంగ్‌డొక్‌గుంగ్ చెరో 3,000 వోన్, మిగతావి 1,000 వోన్. హాన్‌బొక్‌లో వెళ్తే ఉచితం. పైదీ కిందదీ రెండూ ఉండాలి: జొగోరి అనే పొట్టి పైవస్త్రం, దానికి తోడు చీమా అనే గాగరా గానీ బాజీ అనే వదులు పంట్లాం గానీ. జీన్స్ మీద జొగోరి వేసుకొస్తే టికెట్ కొనమంటారు.

హాన్‌బొక్ అద్దె దుకాణాలు గ్యోంగ్‌బొక్‌గుంగ్ స్టేషన్ చుట్టూ, ఆన్‌గుక్ స్టేషన్ చుట్టూ వీధి వీధికీ ఉంటాయి. రకాన్ని బట్టి రెండు మూడు గంటలకు 15,000 నుంచి 30,000 వోన్ దాకా. గడియారం ఎక్కడ మొదలవుతుందో ముందే అడగండి. కొన్నిచోట్ల దుకాణంలోకి అడుగు పెట్టినప్పటి నుంచి లెక్క, కొన్నిచోట్ల కట్టుకుని బయటికి వచ్చినప్పటి నుంచి. ఎంచుకోవడం, లోపలి పరికిణీ, జడ వేయించుకోవడం కలిపి 40 నిమిషాలు ఇట్టే పోతాయి. ఆలస్యమైతే అదనపు రుసుం ఉంటుంది. జడ, తల మీద అలంకారం, గాగరా కింద రింగు ఉన్న పరికిణీ – వీటికి చాలాచోట్ల విడిగా తీసుకుంటారు.

అమ్మకు రింగు పరికిణీ వద్దు. మెట్ల దగ్గర కాలు కనపడదు. గాగరా చీలమండ పైకి ఉండేలా పొట్టిది అడగండి. అక్కడి నేలంతా ఇసక మట్టి, గరుకు రాళ్లు. పొడవాటి అంచు ఈడ్చుకుపోతే మురికవుతుంది, మరక పెద్దదైతే డబ్బు కట్టించుకుంటారు. అడుగున పలచని టీ షర్టు, లెగ్గింగ్స్ వేసుకుని వెళ్తే మార్చుకోవడం తేలిక, అక్టోబరు సాయంత్రం చలికీ పనికొస్తుంది. జొగోరి ఎప్పుడూ ఎడమ అంచు పైకి వచ్చేలా కుడి పక్కకు మూయాలి, ఆడవాళ్లకైనా మగవాళ్లకైనా. గోరుమ్ అనే నాడాను ఒకే వంపు ముడి వేస్తారు. రెండు రెక్కల బూట్లేసు ముడి వేస్తే చూడగానే కొత్తవాళ్లని తెలిసిపోతుంది.

లేసు, మెరుపులు, నడుము వెనక పెద్ద బో ఉన్నవి ఫ్యూజన్ రకాలు. అవి వేసుకున్నా లోపలికి రానిస్తారు. కానీ సంస్కృతి చూడటానికే వెళ్తున్నామన్నారు కదా, సాదా పట్టు రంగుల జొగోరీ చీమా అడగండి. ధర పెద్ద తేడా ఉండదు, ఫొటోల్లో కూడా అదే నిలుస్తుంది.

సోమవారం 10 గంటలకల్లా గ్యోంగ్‌బొక్‌గుంగ్ ద్వారం దగ్గరుంటే కాపలాదారుల మార్పు వేడుక చూడొచ్చు, మళ్లీ 2 గంటలకు ఉంటుంది. లోపల గున్‌జొంగ్‌జొన్ సింహాసన మందిరం ముందు ఆవరణలో రెండు వరసలుగా చిన్న రాతి స్తంభాలు చూడండి. కొలువులో ఏ హోదా అధికారి ఎక్కడ నిలబడాలో వాటి మీద చెక్కి ఉంటుంది. ఈ ప్యాలెస్ 1395 నాటిది. 1592 జపాన్ దండయాత్రలో తగలబడి, దాదాపు 270 ఏళ్లు శిథిలంగా ఉండి, 1860ల్లో మళ్లీ కట్టారు. ఆ తర్వాత జపాన్ పాలనలో చాలా భవనాలు పోయాయి. ఈ రోజు కనిపించేవాటిలో చాలామటుకు ఇటీవలి పునర్నిర్మాణాలే.

అందుకే నా ఓటు చాంగ్‌డొక్‌గుంగ్‌కు. కొండ వంపును బట్టి కట్టిన ప్యాలెస్ అది. వెనకున్న హువొన్ తోట చూడకపోతే చూసినట్టే కాదు. దానికి విడిగా 5,000 వోన్. హాన్‌బొక్ రాయితీ దానికి వర్తించదు. ఆన్‌లైన్ బుకింగ్ 6 రోజుల ముందు కొరియా సమయం ఉదయం 10కి తెరుచుకుంటుంది, అంటే మనకు 6:30. మంగళవారానికి కావాలంటే అంతకుముందు బుధవారం పొద్దున్నే కూర్చోవాలి. అక్టోబరులో ఇంగ్లిష్ టూర్లు త్వరగా అయిపోతాయి. దొరక్కపోతే అదే రోజు ఉదయం కౌంటర్ దగ్గర అమ్మే టికెట్ల కోసం 9 కన్నా ముందే వరసలో నిలబడాలి.

వీసా సంగతి రెండు ముక్కల్లో. మన పాస్‌పోర్టుకు కె-ఈటీఏ (వీసా లేకుండా వెళ్లేవాళ్లకిచ్చే ఆన్‌లైన్ అనుమతి) వర్తించదు, సి-3 సందర్శక వీసా తీసుకోవాలి. అది వచ్చాక, దిగే రోజుకు 3 రోజుల్లోపు ఈ-అరైవల్ కార్డు ఆన్‌లైన్‌లో నింపండి. ఉచితం. డబ్బులడిగే సైట్ కనపడితే అది అసలుది కాదు.


పప్పన్నం:

తిండి గురించి నేను చెప్తాను, ఎందుకంటే శాకాహారులు అక్కడ ఇబ్బంది పడేది ముక్క దగ్గర కాదు, పులుసు దగ్గర. పైకి మాంసం కనపడదు. కానీ సూపులూ పులుసులూ చాలామటుకు మ్యొల్చి, అంటే ఎండు నెత్తళ్లు మరిగించిన నీళ్లతోనే మొదలవుతాయి. దానికితోడు కిమ్చీ, అంటే పులియబెట్టిన కూరగాయలు. మామూలు కిమ్చీలో ఉప్పు రొయ్యల ముద్దో చేపల ద్రావకమో ఉంటుంది. కాబట్టి పళ్లెంలో కూరగాయలే ఉన్నాయి కదా అని నమ్మొద్దు.

వంటకాల వారీగా చెప్తే:

బిబింబాప్ (కూరగాయలు కలుపుకునే అన్నం) అందరూ చెప్పే మాట. దానిలో గుడ్డు, గొడ్డుమాంసం రెండూ వేస్తారు. రెండూ తీసేయమనాలి. పైన కలిపే గోచుజాంగ్ అనే మిరప ముద్దను కొన్నిచోట్ల మాంసం కలిపి వేయించి పెడతారు, అదీ అడగాలి. పక్కన ఇచ్చే చిన్న సూపు అమ్మకు వద్దు.

గింబాప్‌లో (సముద్రపు నాచులో చుట్టిన అన్నం) హామ్, చేపముద్ద, గుడ్డు మామూలే. కూరగాయల గింబాప్ అని పేరున్నా హామ్ పెడతారు. ఎదురుగా చుట్టే దుకాణంలో అయితే నిలబడి తీయించుకోవచ్చు. ప్లాస్టిక్‌లో చుట్టి అమ్మేది కొనకండి.

త్తొక్‌బొక్కీ (కారం పులుసులో బియ్యప్పిండి ముక్కలు) రంగు చూసి మోసపోవద్దు. నెత్తళ్ల నీళ్లు, చేపముద్దలు ఉంటాయి. సూన్‌దుబు పేరు మెత్తటి టోఫూ పులుసే కానీ గుల్లలు గానీ పంది మాంసం గానీ వేస్తారు. జాప్చే అనే వేయించిన నూడుల్స్‌లో గొడ్డుమాంసం సాధారణం. రామ్యొన్ నూడుల్స్ ప్యాకెట్లలో మసాలా పొడి చాలావరకు మాంసం సారంతో చేసిందే.

బిందెత్తొక్ చూడగానే మన పెసరట్టు అనిపిస్తుంది, నానబెట్టిన పెసరపప్పు రుబ్బి వేసేదే. కానీ పిండిలో పంది మాంసం ముక్కలు కలపడం మామూలు. గ్వాంగ్‌జాంగ్ మార్కెట్‌లో దాన్ని చూసి ఆగిపోయేవాళ్లు అడక్కుండా కొనొద్దు. బంగాళాదుంపలతో చేసే గామ్‌జాజొన్ అంతకన్నా నయం. హొత్తొక్ అనే తీపి రొట్టె, కాల్చిన చిలగడదుంప, బియ్యప్పిండి త్తొక్‌లు సాయంత్రానికి బాగుంటాయి.

చెప్పాల్సిన వాక్యాలు: గోగిహాగో సేంగ్‌సొన్, హేసాన్‌మురుల్ అన్ మొగొయో – మాంసం, చేప, సముద్ర జీవులు తినను. మ్యొల్చి యుక్సుదో అన్ ద్వెయో – నెత్తళ్ల పులుసు కూడా కుదరదు. గ్యెరాన్ ప్పే జుసెయో – గుడ్డు తీసేసి ఇవ్వండి. ఉచ్చారణ మీద ఆధారపడకుండా పాపాగో అనువాద యాప్‌లో రాసి స్క్రీన్‌షాట్ దాచుకుని చూపించండి. "శాకాహారి" అని ఒక్క ముక్క చెప్తే చేప పర్వాలేదేమో అనుకునేవాళ్లు ఉన్నారు. విడివిడిగా చెప్పడమే మంచిది.

నిశ్చింతగా తినాలంటే ఆలయ భోజనం. కొరియన్ బౌద్ధ ఆలయాల్లో మాంసం, చేపలే కాదు, ఉల్లి, వెల్లుల్లి జాతి అయిదు ఘాటు దినుసులు కూడా వేయరు. కిమ్చీ కూడా చేపల ద్రావకం లేకుండానే పెడతారు. సియోల్‌లో జోగ్యెసా ఆలయం ఎదురుగా ఉన్న బరు గోంగ్యాంగ్ ఈ భోజనానికే పేరున్న రెస్టారెంటు. ముందే రిజర్వ్ చేసుకోండి. కాస్త ఖరీదే కానీ వరసగా వచ్చే వంటకాలు చూస్తే అది పథ్యం తిండి కాదని తెలుస్తుంది.

హోటళ్ల పద్ధతులు కొన్ని. మధ్యాహ్నం 3 నుంచి 5 దాకా చాలాచోట్ల విరామం, ఆ వేళకు ఆకలితో రోడ్డు మీద పడొద్దు. చెంచా, చాప్‌స్టిక్స్ బల్ల పక్క సొరుగులో ఉంటాయి. పిలవడానికి బల్ల మీద గంట మీట ఉంటుంది, లేకపోతే "జొగియో" అనండి. "అజుమ్మా" అని పిలవకండి, కొందరికి నచ్చదు. పక్కన పెట్టే చిన్న కూరలు మళ్లీ అడిగితే డబ్బు లేకుండా వేస్తారు, వదిలేస్తే మాత్రం బాగుండదు. టిప్పు ఇవ్వరు. అన్నానికీ సూపుకీ చెంచా, కూరలకు చాప్‌స్టిక్స్. గిన్నె చేత్తో ఎత్తి తినరు. అన్నంలో చాప్‌స్టిక్స్ నిలువుగా గుచ్చకూడదు, అది పితృకర్మలో చేసే పని. బల్ల దగ్గర పెద్దవాళ్లుంటే వాళ్లు చెంచా పట్టాకే మొదలుపెట్టాలి.

ఏదీ కుదరని పూటకు కన్వీనియెన్స్ స్టోర్లో మైక్రోవేవ్ అన్నం డబ్బా, వేయించిన సముద్రపు నాచు, టోఫూ, పెరుగు, అరటిపళ్లు దొరుకుతాయి. ఇంటి నుంచి పొడులు తీసుకెళ్తే ఆ అన్నంతో ఒక పూట గడిచిపోతుంది. తాజా పళ్లు, కూరగాయలు మాత్రం సంచిలో పెట్టుకెళ్లకండి, క్వారంటైన్ వాళ్లు తీసేసుకుంటారు.


వేడినీళ్లు:

జిమ్‌జిల్‌బాంగ్ అంటే రెండు వేర్వేరు భాగాలని ముందు అమ్మకు చెప్పండి, సగం భయం పోతుంది. స్నానశాల ఆడవాళ్లకు, మగవాళ్లకు విడివిడి. అక్కడ ఒంటి మీద బట్ట ఉండకూడదు, స్విమ్‌సూట్ కూడా కుదరదు. వేడి గదులున్న భాగం ఉమ్మడి. అక్కడ వాళ్లిచ్చే టీ షర్టు, నిక్కరు వేసుకుంటారు. స్నానశాల ఇష్టం లేకపోతే బట్టలు మార్చుకుని నేరుగా వేడి గదులకు వెళ్లిపోవచ్చు. ఎవరూ అడగరు.

వరస ఇదీ. లోపలికి రాగానే చెప్పులు చిన్న లాకర్లో పెట్టి ఆ తాళం కౌంటర్లో ఇవ్వాలి. చోటును బట్టి 10,000 నుంచి 20,000 వోన్, పెద్ద పేరున్నవి ఇంకా ఎక్కువ. వాళ్లు చేతికి తొడుక్కునే తాళం, బట్టలు, తువ్వాళ్లు ఇస్తారు. తువ్వాలు చిన్నది, ఒళ్లు చుట్టుకునే సైజు కాదు. లోపల ఏది కొన్నా ఆ చేతి తాళం నంబరు మీద రాసుకుని వెళ్లేటప్పుడు లెక్క కడతారు.

స్నానశాలకు వెళ్తే ముందు కూర్చుని సబ్బుతో పూర్తిగా కడుక్కుని, జుట్టు ముడి వేసుకుని, అప్పుడే తొట్టెలో దిగాలి. అక్కడ కొత్తవాళ్లు పడే తిట్లన్నీ ఈ ఒక్క విషయానికే. తువ్వాలు నీళ్లలో ముంచకూడదు, తల మీద పెట్టుకోవచ్చు.

సేషిన్ అంటే ఒళ్లు రుద్దించుకోవడం. దానికి ముందు 20 నుంచి 30 నిమిషాలు వేడి నీళ్లలో నానాలి. నానకపోతే మురికి లేవదు, చర్మం మాత్రం మండుతుంది. ఇటలీ తువ్వాలనే గరుకు తొడుగుతో రుద్దుతారు. నొప్పయితే "సల్‌సల్ హే జుసెయో", మెల్లగా అని చెప్పాలి. ఆ ముందు రోజు గానీ, ఆ రోజు గానీ వ్యాక్సింగ్, షేవింగ్ చేసుకుని ఉంటే వద్దు. రుద్దించుకున్నాక లోషన్ రాసుకోండి, అక్టోబరు గాలి పొడిగా ఉంటుంది.

వేడి గదుల్లో ఎర్రమట్టి గది, ఉప్పు గది మొదట. బుల్‌గమా అనే కొలిమి గదికి తొందరపడొద్దు. ఒక్కో గదిలో 10 నిమిషాలు చాలు, మధ్యలో చల్ల గది, నీళ్లు. అమ్మకు బీపీ, గుండె మందులుంటే కొలిమి గది మానేయండి. అన్నీ నేల మీద కూర్చునేవే కాబట్టి మోకాళ్ల సంగతి ఆలోచించుకోండి. బయటి హాలులో మసాజ్ కుర్చీలుంటాయి, అక్కడ కూర్చుని సిఖ్యే తాగుతూ ఉండొచ్చు. సిఖ్యే అన్నంతో చేసే చల్లటి తీపి పానీయం, పూర్తి శాకాహారం. అందరూ తినే గోధుమరంగు కాల్చిన గుడ్లు ఎలాగూ మీకు వద్దు.

శనివారం సాయంత్రం జనం ఎక్కువ. శుక్రవారం గ్యోంగ్జు నుంచి వచ్చిన రాత్రి వెళ్తే ప్రయాణ బడలిక కూడా తీరుతుంది.


వెన్నెలదారి:

ఇంత వివరంగా చెప్తారనుకోలేదు, అందరికీ థాంక్స్. ఇంకో మూడు. గుడిలో 108 సాష్టాంగాలు చేయిస్తారని చదివాను, అమ్మ చేయలేదు. మానేస్తే మర్యాద తప్పినట్టా? హువొన్ తోట మోకాళ్లతో సాధ్యమేనా? హానోక్ ఇంట్లో నేల మీద పడక ఎలా?


రైలుకిటికీ:

సంచారి గారితో ఒక్క విషయంలో విభేదిస్తాను. హువొన్ అందమైనదే, కానీ కొండ దారి. ఎత్తుపల్లాలు, మెట్లు, దాదాపు గంటన్నర గైడ్ వేగంతో నడక. మధ్యలో కూర్చుండిపోదామంటే కుదరదు, గుంపుతో ఉండాలి. మోకాళ్లు నొప్పిగా ఉన్నవాళ్లను తీసుకెళ్లొద్దు. మంగళవారం చాంగ్‌డొక్‌గుంగ్ ప్రధాన భాగం, చివరన నక్‌సొంజే మాత్రం చూడండి. నక్‌సొంజేకి రంగులు వేయలేదు, ఉత్త చెక్కే. రాజవంశంలో చివరివాళ్లు 20వ శతాబ్దంలో కూడా అక్కడ నివసించారు. మీకు హువొన్ తప్పదనుకుంటే అమ్మను దగ్గర్లోని టీ దుకాణంలో కూర్చోబెట్టి ఒక్కరే వెళ్లిరండి.

అక్కడి నుంచి బుక్‌చొన్ హానోక్ వీధులు దగ్గరే. జనం నివసించే ఇళ్లు అవి. బుక్‌చొన్-రో 11 సందు చుట్టూ పర్యాటకులను ఉదయం 10 నుంచి సాయంత్రం 5 దాకే రానిస్తారు. ఆ తర్వాత తిరిగితే 100,000 వోన్ జరిమానా, 2025 మార్చి నుంచి అమల్లో ఉంది. ఆ వీధి కూడా ఏటవాలే.

ఇక గుడి బస. టెంపుల్‌స్టే 2002 ఫుట్‌బాల్ ప్రపంచకప్ అప్పుడు విదేశీ అతిథుల కోసం మొదలైంది, కాబట్టి కొత్తవాళ్లను చూసుకోవడం వాళ్లకు అలవాటే. రెండు రకాలు. అనుభవ తరహాలో గంట గంటకూ కార్యక్రమం ఉంటుంది: ప్రార్థన, 108 నమస్కారాలు, ఒక్కో నమస్కారానికి ఒక్కో పూస గుచ్చి మాల చేయడం, సన్యాసితో టీ. విశ్రాంతి తరహాలో భోజన వేళలు, ప్రార్థన వేళలు చెప్పి వదిలేస్తారు. అనుభవ తరహా చాలా ఆలయాల్లో వారాంతాల్లోనే. మీకు గురువారం రాత్రి కావాలి కాబట్టి విశ్రాంతి తరహా తీసుకోండి, అమ్మకు అదే సరైనది. ఒక రాత్రికి మనిషికి 50,000 నుంచి 100,000 వోన్ మధ్య ఉంటుంది. గ్యోంగ్జులో బుల్గుక్సాలో, గోల్గుల్సాలో బస ఉంది. గోల్గుల్సా సొన్‌మూదో అనే యుద్ధకళతో కూడిన ధ్యానానికి పేరు, కొండ మీద ఎక్కడం ఎక్కువ. మీకు బుల్గుక్సా.

108 నమస్కారాలు మానేయడం మర్యాద తప్పడం కాదు. నిలబడి చేతులు జోడించి నడుము వంచే సగం నమస్కారం చాలు, దాన్ని బన్‌బే అంటారు. బుకింగ్‌లో వ్యాఖ్యల గడిలోనే మోకాళ్ల సంగతి రాసి, కుర్చీ కావాలని, పడకకు మెత్త అదనంగా కావాలని అడగండి. అక్కడికి వెళ్లాక చెప్తే కుర్చీ వెతుక్కోవడమే వాళ్లకు పని. ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లు ఆ రోజు ఉంటారా అన్నది కూడా అప్పుడే రాయండి.

మధ్యాహ్నం 2–3 మధ్య చేరాలి. వదులు పంట్లాం, చొక్కాలాంటి పైబట్ట ఇస్తారు. మీ వైపు నుంచి సాక్సులు, తువ్వాలు, సబ్బు, బ్రష్, పొడుగు చేతుల లోబట్ట. ఉత్త పాదాలతో బుద్ధుడి మందిరంలోకి వెళ్లరు, సాక్సులు తప్పనిసరి. మందిరానికి ముందున్న నడిమి తలుపు సన్యాసులది, పక్క తలుపు గుండా వెళ్లండి. గడప తొక్కకుండా దాటండి. బుద్ధుడి విగ్రహానికి ఎదురుగా అడ్డంగా నడవకండి. నడిచేటప్పుడు చేతులు కడుపు దగ్గర ఒకదాని మీద ఒకటి పెట్టుకుంటారు, ఎదురైనవాళ్లకు చేతులు జోడిస్తారు. ఈ చివరిది మనకు నేర్పక్కర్లేదు. సన్యాసిని "స్నిమ్" అని పిలవాలి, ఆడవాళ్లయినా మగవాళ్లయినా అదే.

రాత్రి భోజనం సాయంత్రం 5, 5:30కే అయిపోతుంది. మళ్లీ ఉదయం 6 దాకా ఏమీ ఉండదు. అమ్మకు మందులు వేసుకోవాల్సి ఉంటే బిస్కెట్లు, అరటిపండు దగ్గరుంచుకోండి. 9కి దీపాలు ఆర్పేస్తారు. తెల్లవారుజామున 4 ప్రాంతంలో చెక్క వాయిద్యం మోగిస్తూ లేపుతారు. విశ్రాంతి తరహాలో ఆ ప్రార్థనకు వెళ్లడం చాలాచోట్ల ఐచ్ఛికం, కానీ ఒక్కసారి వెళ్లాలి. పెద్ద ఢంకా, గంట, చెక్క చేప, మబ్బు ఆకారపు లోహపు పలక – నాలుగూ వరసగా మోగిస్తారు, వీలైతే అది మొదలవకముందే బయట నిలబడండి.

భోజనం రోజూ వడ్డన బల్ల పద్ధతిలోనే ఉంటుంది ఎక్కువచోట్ల. ఒక్క నియమం: పెట్టుకున్నది మిగల్చకూడదు. బరుగోంగ్యాంగ్ అనే నాలుగు గిన్నెల క్రతువు భోజనంలో అయితే చివర నీళ్లు పోసి కిమ్చీ ముక్కతో గిన్నె తుడిచి ఆ నీళ్లు తాగేస్తారు. అమ్మకు కష్టమనిపిస్తే ఆ కార్యక్రమం లేని రోజు చూసుకోండి.

హానోక్ బస ఒకటే రాత్రి పెట్టుకోండి, బుధవారం గ్యోంగ్జులో. గదిలో మంచం ఉన్నవి ఇప్పుడు దొరుకుతాయి, బుకింగ్ ఫొటోలో మంచం కనపడితేనే చేయండి. బాత్‌రూమ్ గదికే ఉందా, వరండా దాటి వెళ్లాలా అన్నది రెండో ప్రశ్న. గడపలు ఎత్తుగా ఉంటాయి, రాత్రి లేచేటప్పుడు కాలు తగులుతుంది. కాగితం తలుపుల మీద చేయి ఆనించకండి, చిరుగుతుంది. గోడలు పలచన, పక్కవాళ్ల మాట వినపడుతుంది.

ఒండోల్ అంటే నేల కింద వేడి. గోడ మీది కంట్రోలు 23, 24కి మించి పెట్టొద్దు. చలిగా ఉందని 30 పెడితే నేల వేడెక్కడానికి గంట పడుతుంది, ఆ తర్వాత చల్లారడానికి రాత్రంతా పడుతుంది, గొంతు ఎండిపోతుంది. దాని మీద రెండు మీటలు గుర్తుపెట్టుకోండి: నన్‌బాంగ్ గది వేడికి, ఒన్సు వేడి నీళ్లకు. స్నానానికి చల్లనీళ్లొస్తే చాలాసార్లు రెండోది నొక్కకపోవడమే కారణం. మందులు, చాక్లెట్లు, ల్యాప్‌టాప్ నేల మీద పెట్టకండి.

గ్యోంగ్జుకు సియోల్ నుంచి కేటీఎక్స్ అనే వేగపు రైల్లో దాదాపు 2 గంటలు, టికెట్ సుమారు 50,000 వోన్. నెల ముందు అమ్మకం మొదలవుతుంది. స్టేషన్ ఊరికి దూరం, బస్సో టాక్సీనో తప్పదు. బుధవారం సాయంత్రం డేరుంగ్‌వొన్ సమాధి దిబ్బలు, చీకటి పడ్డాక దొంగ్‌గుంగ్, వొల్జీ కొలను. రెండూ చదును నేలే. గురువారం బుల్గుక్సా. బస్టాండు వైపు నుంచి 10, 11 నంబరు బస్సులు వెళ్తాయి. ఫొటోల్లో కనిపించే ముందటి రాతి మెట్లు ఎక్కనివ్వరు, పక్క దారి ఉంది. లోపలి దబోతాప్ గోపురం 10 వోన్ నాణెం మీద ఉంటుంది, చిల్లరలో ఒకటి అట్టిపెట్టుకోండి. ప్రవేశ రుసుం 2023 నుంచి లేదు. సొక్కురామ్ గుహకు 12 నంబరు బస్సు. లోపలి బుద్ధుడిని అద్దం వెనక నుంచే చూడాలి, ఫొటోలు తీయనివ్వరు. అమ్మ అలసిపోతే మానేసినా నష్టం లేదు.


సంచారి:

హువొన్ విషయంలో రైలుకిటికీ గారి మాటే తీసుకోండి, మోకాళ్ల సంగతి నేను లెక్కలోకి తీసుకోలేదు. ఆ సమయం నేషనల్ మ్యూజియంకు ఇవ్వండి. ఇచొన్ స్టేషన్ దగ్గర, శాశ్వత ప్రదర్శన ఉచితం, లిఫ్టులు, కుర్చీలు ఉన్నాయి. రెండో అంతస్తులో చీకటి గదిలో రెండే రెండు ధ్యాన బోధిసత్వ విగ్రహాలు పెట్టారు, దానికి వేళ మిగుల్చుకోండి.

ప్రయాణాల లెక్క. గూగుల్ మ్యాప్స్‌ను నమ్ముకోకుండా నేవర్ మ్యాప్ గానీ కకావో మ్యాప్ గానీ దింపుకోండి, ఇంగ్లిష్‌లో పనిచేస్తాయి. టాక్సీకి కకావో టీ యాప్. బస్సు, మెట్రో ఛార్జీలకు వాడే టీమనీ కార్డు కన్వీనియెన్స్ స్టోర్లో కొని నోట్లతో నింపించుకోండి, విదేశీ కార్డుతో నింపడం చాలాచోట్ల కుదరదు. బస్సు దిగేటప్పుడు కూడా కార్డు తాకించాలి. తాకించి 30 నిమిషాల్లో ఇంకో బస్సో మెట్రోనో ఎక్కితే మళ్లీ మూల ఛార్జీ పడదు. మర్చిపోతే ఆ రాయితీ పోతుంది. సియోల్‌లో కొన్ని బస్సులు నగదు అసలు తీసుకోవు.

ఎన్నిసార్లయినా ఎక్కనిచ్చే క్లైమేట్ కార్డు 3 రోజులది 10,000 వోన్, కార్డు ధర 3,000 అదనం. మెట్రో 1,550 లెక్కన 3 రోజుల్లో 9 సార్లు ఎక్కితేనే గిట్టుబాటు. పైగా అది సియోల్ వరకే, గ్యోంగ్జులో చెల్లదు. మీరు తిరిగే తీరుకు టీమనీ ఒక్కటే చాలు.

మెట్రో పెట్టె చివరల్లో మూడేసి సీట్లు వృద్ధులకు. ఖాళీగా ఉన్నా కుర్రవాళ్లు కూర్చోరు, అమ్మను అక్కడే కూర్చోబెట్టి మీరు నిలబడండి. గులాబీ రంగువి గర్భిణులకు.

వెళ్లేటప్పుడు టీమనీలో 20,000 వోన్‌లోపు మిగిలితే కన్వీనియెన్స్ స్టోర్లో అడగండి, 500 వోన్ పట్టుకుని మిగతాది నోట్లలో ఇచ్చేస్తారు.